ఎండ, తిండి, వయసు, వారసత్వం: సెరటోనిన్ ఎవరి మాట వింటుంది?

మెల్‌బోర్న్‌లోని బేకర్ పరిశోధన సంస్థలో 101 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లు కాస్త గుండెధైర్యం కావలసిన పరీక్షకు ఒప్పుకున్నారు. మెదడు నుంచి రక్తాన్ని కిందికి దింపే మెడలోని పెద్ద సిరలోకి సన్నని గొట్టం పంపించి, అక్కడి నుంచి రక్తం తీశారు. సెరటోనిన్ విరిగిపోయాక మిగిలే పదార్థం ఆ రక్తంలో ఎంత ఉందో చూస్తే, మెదడు దాన్ని ఎంత జోరుగా తయారుచేసి ఖర్చు పెడుతోందో అంచనా దొరుకుతుంది. చేతి నరం నుంచి తీసిన రక్తం ఈ పనికి రాదు, అందులో ఒళ్లంతటి లెక్కా కలిసిపోతుంది. ఏడాదిలో వేర్వేరు రోజుల్లో తీసిన ఈ నమూనాల పక్కన వాతావరణ రికార్డులు పెట్టి చూసినప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. సెరటోనిన్ వాడకం చలికాలంలో అన్నిటికన్నా తక్కువగా ఉంది. ఆ రోజు ఎండ ఎంత ఎక్కువసేపు కాస్తే మెదడులో ఉత్పత్తి అంత ఎక్కువగా కనిపించింది. గావిన్ లాంబర్ట్ బృందం ఈ ఫలితాన్ని 2002లో ‘లాన్సెట్’లో ప్రచురించింది.

ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో సెరటోనిన్ ప్రయోగశాల గడప దాటి ఆదివారం సంచికల్లోకి, యూట్యూబ్ ఛానళ్లలోకి, జిమ్ గోడల మీదికి వచ్చేసింది. దానికి ‘హ్యాపీ హార్మోన్’ అని ముద్దుపేరు. పొద్దున్నే ఎండలో నిలబడితే పెరుగుతుందంటారు, అరటిపండు తింటే పెరుగుతుందంటారు, పరుగెత్తితే పెరుగుతుందంటారు. ఈ మాటల్లో కొన్నిటికి గట్టి ఆధారం ఉంది, కొన్నిటికి సగం ఆధారం ఉంది, కొన్నిటికి అసలే లేదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. సెరటోనిన్‌ను రక్తపోటులాగా ఒకే అంకెలో చెప్పగలిగేదిగా, ఆ అంకె పెరిగితే సంతోషం, తగ్గితే దిగులు అన్నట్టుగా జనం నమ్ముతున్నారు. జబ్బేమీ లేని మామూలు మనుషుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఆ నమ్మకం నిలబడదు. ఎండ, తిండి, వయసు, స్త్రీపురుష భేదం, బరువు, నిద్ర, జన్యువులు ఇవన్నీ సెరటోనిన్ వ్యవస్థను కదిలిస్తాయన్నది నిజం. అయితే ఒక్కొక్కటీ ఒక్కో భాగాన్ని కదిలిస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మెదడు చాలావరకు సర్దుకుపోతుంది.

ముందు ఈ పదార్థం పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. దీన్ని కనుక్కున్నవాళ్లు సంతోషం కోసం వెతకలేదు. 1930లలో ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామర్ పేగు గోడల్లోని కణాల నుంచి ఒక పదార్థాన్ని తీసి, అది కండరాలను ముడుచుకునేలా చేస్తోందని గమనించాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ అనే ముగ్గురు రక్తనాళాలను బిగించే పదార్థం కోసం వెతుకుతూ దాన్నే రక్తపు సీరంలో పట్టుకుని సెరటోనిన్ అని పేరు పెట్టారు. రెండూ ఒకటేనని తేలడానికి మరో నాలుగేళ్లు పట్టింది. మెదడులోనూ అది ఉందని బెట్టీ ట్వారాగ్ 1953లో చూపించింది. అంటే పేగు, రక్తం, ఆ తర్వాతే మెదడు. శరీరంలోని లెక్క కూడా ఇంచుమించు ఆ వరసలోనే ఉంటుంది. మొత్తం సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. రక్తంలోకి చేరిన దాన్ని ప్లేట్‌లెట్లు దాచుకుంటాయి. మెదడు వాటా చాలా చిన్నది. మెదడు కాండంలో, నడిమి గీత వెంబడి ఉండే రాఫే కేంద్రకాలలోని కొన్ని లక్షల నాడీకణాలే దాన్ని తయారుచేసి, పొడవాటి తీగలు చాచి దాదాపు మెదడంతటికీ అందిస్తాయి. కోట్లాది కణాలున్న అవయవంలో ఇంత చిన్న గుంపు ఆకలి, నిద్ర, నొప్పి, కోపం, ఓర్పు వంటి అన్నిటిలో వేలు పెట్టడం ఆశ్చర్యమే.

రక్తంలోని సెరటోనిన్ మెదడులోకి వెళ్లలేదు. మెదడు చుట్టూ ఉండే రక్తనాళాల గోడ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే అరటిపండులో సెరటోనిన్ ఉన్న మాట నిజమే అయినా, అది తిన్నవాడి మెదడుకు చేరదు. అది చేరేది మూత్రానికి. సెరటోనిన్‌ను విపరీతంగా విడుదల చేసే కార్సినాయిడ్ అనే కణితి ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు డాక్టర్లు 24 గంటల మూత్ర పరీక్ష రాస్తారు. ఆ పరీక్షకు ముందు కొన్ని రోజులు అరటిపండు, అనాస, టమాటా, వాల్‌నట్ తినొద్దని చెప్పడం ఆనవాయితీ. లేకపోతే జబ్బు లేకపోయినా అంకె పెరుగుతుంది. అదే కారణంగా, మనసు బాగోలేదని ల్యాబ్‌కు వెళ్లి రక్తంలో సెరటోనిన్ చూపించుకున్నా మెదడు గురించి తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. ఆ అంకె పేగులదీ ప్లేట్‌లెట్లదీ.

మరి బతికున్న మనిషి మెదడులో దీన్ని చూసేదెలా? మెల్‌బోర్న్ పద్ధతి ఒకటి. రెండోది పెట్ స్కాన్. దీనికి పక్కనే సైక్లోట్రాన్ ఉండాలి. అందులో తయారయ్యే కార్బన్-11 అనే రేడియోధార్మిక కార్బన్ 20 నిమిషాలకోసారి సగమైపోతుంది కాబట్టి, దాన్ని ఒక అణువుకు తగిలించి, శుద్ధి చేసి, పరీక్షించి, మనిషి నరంలోకి ఎక్కించేదాకా అంతా పరుగే. ఆ మనిషి తల కదలకుండా గంటకు పైగా యంత్రంలో పడుకుంటాడు. ఎక్కించిన అణువు సెరటోనిన్‌కు సంబంధించిన ఏదో ఒక భాగానికి మాత్రమే అతుక్కుంటుంది. ఒక అణువు ట్రాన్స్‌పోర్టర్‌కు, అంటే విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి లాక్కునే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. మరొకటి సెరటోనిన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లలో ఒకటైన 2ఏ రిసెప్టర్‌కు, ఇంకొకటి 1ఏ రిసెప్టర్‌కు. రిసెప్టర్లలోనే పద్నాలుగు దాకా రకాలున్నాయి. కాబట్టి ‘సెరటోనిన్ పెరిగింది’ అని ఎవరైనా అంటే ముందు అడగాల్సిన ప్రశ్న, కొలిచింది దేన్ని అని. ఉత్పత్తినా, ట్రాన్స్‌పోర్టర్‌నా, రిసెప్టర్‌నా? ఒకటి పెరిగినప్పుడు మరొకటి తగ్గవచ్చు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో రుతువుల కథలోనే కనిపిస్తుంది. కెనడాలోని టొరంటోలో 88 మంది ఆరోగ్యవంతుల మెదళ్లకు వేర్వేరు కాలాల్లో తీసిన స్కాన్లను పోల్చి నికోల్ ప్రాషక్-రీడర్ బృందం 2008లో ఒక ఫలితం ప్రకటించింది. వసంతం, వేసవిలో స్కాన్ అయినవారి కంటే శరత్తు, శీతకాలాల్లో స్కాన్ అయినవారిలో ట్రాన్స్‌పోర్టర్ ఎక్కువగా ఉంది. లాక్కునే ప్రొటీన్ ఎక్కువైతే కణాల మధ్య సెరటోనిన్ నిలవడం తగ్గుతుంది. మెల్‌బోర్న్ ఫలితంతో ఇది చక్కగా కలిసినట్టే కనిపించింది. అయితే టొరంటోలో ఎండాకాలం వచ్చినవాళ్లు వేరు, చలికాలం వచ్చినవాళ్లు వేరు.

కోపెన్‌హేగన్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. డెన్మార్క్‌లో డిసెంబర్ పగలు ఏడు గంటలు, జూన్ పగలు పదిహేడు గంటలకు పైనే. ఇలాంటి ప్రశ్నకు అంతకన్నా మంచి చోటు దొరకదు. బ్రెండా మెక్‌మాన్ బృందం ఒకే మనిషిని వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి స్కాన్ చేసింది. ఏటా చలికాలం రాగానే దిగులులో పడిపోయేవాళ్లు ఒక గుంపు, ఏ కాలమైనా నిబ్బరంగా ఉండేవాళ్లు రెండో గుంపు. దిగులు పడే గుంపులో చలికాలంలో ట్రాన్స్‌పోర్టర్ పెరిగింది. నిబ్బరంగా ఉండే గుంపులో అలా పెరగలేదు, ముఖ్యంగా ఆడవాళ్లలో తగ్గింది కూడా. వెలుగు తగ్గితే సెరటోనిన్ తయారీ తగ్గవచ్చు. ఆరోగ్యంగా ఉన్న మెదడు లాక్కునే ప్రొటీన్‌ను కూడా తగ్గించి ఆ లోటు పూడ్చుకుంటుంది. 2016లో వెలువడిన ఈ అధ్యయనం చిన్నదే, నలభై మంది చుట్టుపక్కల. అయినా ఈ రంగంలో వచ్చిన అత్యంత విలువైన వాటిలో ఇదొకటి. ఎందుకంటే ప్రశ్ననే మార్చేసింది. సెరటోనిన్ ఎంత ఉంది అని కాకుండా, పరిస్థితి మారినప్పుడు మెదడు ఎంత బాగా సర్దుకుంటోంది అని అడిగింది.

హైదరాబాద్‌లో పగటి పొడవు డిసెంబర్‌లో పదకొండు గంటలు, జూన్‌లో పదమూడు. డెన్మార్క్‌తో పోలిస్తే ఆ తేడా లెక్కలోకి రాదు. అలాగని ఇక్కడివారికి వెలుగు దండిగా అందుతోందని అనుకోవడానికి వీల్లేదు. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వెలుగు పది వేల లక్స్ దాకా ఉంటుంది, నడి ఎండలో లక్ష. ఆఫీసు గదిలో ట్యూబులైట్ల కింద మూడు నుంచి ఐదు వందలు. చీకటితో బయలుదేరి, అద్దాల భవనంలో కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికి చేరే ఐటీ ఉద్యోగి కళ్లకు అందే వెలుగు, పొలంలో కలుపు తీసే మనిషికి అందే వెలుగులో చిన్న వాటా. అమెరికా షిఫ్టుల్లో పనిచేసేవారి సంగతి చెప్పనక్కరలేదు. టొరంటోలోనో కోపెన్‌హేగన్‌లోనో స్థిరపడిన తెలుగువారైతే ఈ పరిశోధనలు జరిగిన ఆకాశం కిందే ఉంటున్నారు. అక్కడి మొదటి చలికాలాన గుండెల్లో ఏదో బరువుగా ఉందని ఇంటికి ఫోన్ చేసి చెబితే, దాన్ని ఇంటి మీద బెంగ అని మాత్రమే కొట్టిపారేయకూడదు. చలికాలపు దిగులుకు ఉదయం పూట ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోబెట్టే చికిత్స 1980ల నుంచి ఉంది.

ఇక తిండి. సెరటోనిన్ తయారీకి ముడిసరుకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. దాన్ని శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. పాలు, గుడ్లు, పప్పులు, వేరుశనగలు, నువ్వులు అన్నిటిలో ఉంటుంది. అయితే తిన్న ట్రిప్టోఫాన్‌లో అధిక భాగం కైనురెనిన్ అనే వేరే దారిన పోతుంది. సెరటోనిన్‌గా మారేది ఒకటి రెండు శాతం. పైగా మెదడులోకి వెళ్లాలంటే పోటీ ఉంది. రక్తనాళాల గోడ మీద ఉండే ఒకే వాహకం ట్రిప్టోఫాన్‌నూ, ల్యూసిన్, వాలిన్, టైరోసిన్ వంటి ఇతర అమైనో ఆమ్లాలనూ మోస్తుంది. పండగ రోజున ఊరికి పోయే ఆఖరి బస్సులో సీటు కోసం తొక్కిసలాట ఎలా ఉంటుందో ఇక్కడా అంతే. ప్రొటీన్ ఉన్న ప్రతి ఆహారంలోనూ ట్రిప్టోఫాన్ కంటే దాని పోటీదారులే ఎక్కువ. అందుకే మాంసమో గుడ్డో దండిగా తిన్నంత మాత్రాన మెదడులో ట్రిప్టోఫాన్ పెరగదు.

అమెరికాలోని ఎంఐటీలో జాన్ ఫెర్న్‌స్ట్రామ్, రిచర్డ్ వర్ట్‌మన్ 1971లో ఎలుకల మీద చూపించిన సంగతి మరీ విచిత్రం. ట్రిప్టోఫాన్ అసలే లేని పిండిపదార్థం పెడితే మెదడులో సెరటోనిన్ పెరిగింది. పిండిపదార్థం తిన్నాక విడుదలయ్యే ఇన్సులిన్ పోటీదారులను కండరాల్లోకి తోసేస్తుంది. రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకుని ఉండే ట్రిప్టోఫాన్ మాత్రం చాలావరకు అలాగే మిగిలి, మెదడుకు దారి దొరుకుతుంది. ఈ ఒక్క ప్రయోగాన్ని పట్టుకునే తీపి తింటే సంతోషం అనే సిద్ధాంతాలు పుట్టుకొచ్చాయి. మనుషుల భోజనంలో మాత్రం ఇది అరుదుగానే జరుగుతుంది. తిన్నదాంట్లో ప్రొటీన్ కొద్ది శాతం ఉన్నా ఆ ప్రభావం పోతుంది. బియ్యంలోనే ఏడు శాతం దాకా ప్రొటీన్ ఉంది, పైన పప్పు, పెరుగు. కాబట్టి మధ్యాహ్నం భోజనం తర్వాత వచ్చే మగతను సెరటోనిన్ ఖాతాలో వేయడం సరికాదు.

తిండికీ సెరటోనిన్‌కూ ఉన్న సంబంధంలో ఒక ముఖ్యమైన అధ్యాయం హైదరాబాద్‌లోనే రాశారు. కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అంటే ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ, దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానాహారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా జబ్బు ఎందుకు వస్తోందని పరిశీలించింది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రేగడం ఆ జబ్బు గుర్తు. దాంతోపాటు విరేచనాలు, దిగులు, నిద్రలేమి, మతిచలనం. ప్రపంచంలో ఇతర చోట్ల పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు, మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ కాబట్టి. జొన్నల్లో అంత కరువు లేదు. మరి ఎందుకు? సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ‘లాన్సెట్’లో ఇచ్చిన సమాధానం, జొన్నల్లో ల్యూసిన్ మోతాదుకు మించి ఉందని. ఈ వాదాన్ని తర్వాత కొందరు ఒప్పుకోలేదు, చర్చ చాలాకాలం నడిచింది. ఆ సంస్థలోనే కమలా కృష్ణస్వామి, మరో పరిశోధకుడితో కలిసి పెల్లాగ్రా రోగుల మానసిక లక్షణాలకూ వారి ప్లేట్‌లెట్లలోని సెరటోనిన్‌కూ సంబంధం ఉందేమో పరిశీలించి 1970లో ప్రచురించారు. తిండికీ మనసుకూ మధ్య రసాయనపు లంకెను పేదవాడి కంచం దగ్గర వెతికిన పరిశోధన అది. ‘మూడ్ ఫుడ్స్’ పేరిట ఇవాళ వచ్చే రాతల్లో దాని ప్రస్తావన కనిపించకపోవడం బాధ కలిగిస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ జబ్బు జొన్నలు తప్ప మరేమీ దొరకని లేమి వల్ల వచ్చింది. పప్పు, కూర, మజ్జిగతో జొన్నరొట్టె తినేవారు దీన్ని చదివి జొన్నలు మానేయాల్సిన పని లేదు.

పేగుల్లోని బ్యాక్టీరియా గురించి ఒక్క మాట చాలు. 2015లో కాల్‌టెక్ పరిశోధకులు ఎలాంటి సూక్ష్మజీవులూ లేకుండా పెంచిన ఎలుకల పెద్దపేగులో సెరటోనిన్ సగానికి పైగా పడిపోతుందని, కొన్ని రకాల బ్యాక్టీరియాను తిరిగి ఇస్తే కోలుకుంటుందని చూపించారు. అది పేగు సెరటోనిన్. పెరుగు తింటే జీర్ణానికి మంచిదన్నంత వరకు సరే, మెదడు సెరటోనిన్ పెరుగుతుందని చెప్పడానికి ఆ ప్రయోగం చాలదు.

కదలిక కథ ఇంతకంటే ఆశాజనకంగా ఉంది. ప్రిన్స్‌టన్‌లో బ్యారీ జేకబ్స్ పిల్లుల రాఫే కణాలలోని విద్యుత్ స్పందనలను ఏళ్ల తరబడి నమోదు చేశాడు. నడక, నమలడం, నాకడం, శ్వాస వంటి లయబద్ధమైన, ఒకే తీరున సాగే కదలికల్లో ఆ కణాల్లో కొన్ని చురుగ్గా పనిచేస్తాయి. వ్యాయామం చేసే మనిషిలో మరో సదుపాయం తోడవుతుంది. కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చే ఆమ్లాలు ఆల్బుమిన్ నుంచి ట్రిప్టోఫాన్‌ను విడిపిస్తాయి. పనిచేసే కండరాలు దాని పోటీదారులను లాగేసుకుంటాయి. నడకకూ మనసుకూ ఉన్న సంబంధంలో సెరటోనిన్ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అయినా, మందు లేకుండా ముడిసరుకును మెదడు వైపు మళ్లించే మార్గాల్లో ఇది నమ్మదగ్గది.

మనిషిలోనే ఉండే కారణాలకు వస్తే, మొదటిది ఆడా మగా తేడా. 1997లో మాంట్రియల్ పరిశోధకులు మగవారి మెదడులో సెరటోనిన్ తయారయ్యే వేగం ఆడవారి కంటే సగటున 52 శాతం ఎక్కువని ప్రకటించారు. దిగులు జబ్బు ఆడవారిలో ఇంచుమించు రెట్టింపు ఎందుకుందో దీంతో తేలిపోయిందని చాలామంది సంబరపడ్డారు. ఆ అధ్యయనంలో ఉన్నది అతి కొద్ది మంది. వేరే భాగాలను కొలిచిన స్కాన్లలో చిత్రం అంత తేటగా లేదు. అసలు విషయం శాశ్వతమైన తేడాలో కాక హార్మోన్ల మార్పులో ఉండవచ్చని చెప్పే అధ్యయనం 2015లో కోపెన్‌హేగన్ నుంచి వచ్చింది. విబె ఫ్రోక్‌యేర్ బృందం 63 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలలో కొందరికి అండాశయాల హార్మోన్లను తాత్కాలికంగా పైకీ కిందికీ కదిలించే మందు, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చింది. మందు తీసుకున్నవారిలో ఈస్ట్రోజెన్ ఎక్కువగా పడిపోయి, దాంతోపాటు ట్రాన్స్‌పోర్టర్ పెరిగిన కొద్దీ దిగులు లక్షణాలు ఎక్కువయ్యాయి. నెలసరికి ముందు, కాన్పు తర్వాత, నెలసరి ఆగిపోయే వయసులో ‘ఊరికే ఏడుస్తోంది’ అనిపించుకునే స్త్రీల విషయంలో ఈ ఫలితం గుర్తుంచుకోవాలి. ఇంట్లోవాళ్లు దాన్ని వగలు అనుకోవడం అన్యాయం.

వయసు సంగతిలో పరిశోధనలు దాదాపు ఏకగ్రీవం. 2ఏ రిసెప్టర్లు యవ్వనం నుంచే దశాబ్దానికింత చొప్పున తగ్గుతూ పోతాయి. ట్రాన్స్‌పోర్టర్ తగ్గుదల అంతకన్నా నెమ్మది. అయినా వయసు పెరిగిన కొద్దీ మనుషులు దిగులు మనుషులైపోరు. రిసెప్టర్ల సంఖ్యనే ఆనందం అనుకుంటే అరవై ఏళ్ల నిబ్బరానికి వివరణ దొరకదు.

బరువు, పొగ, మద్యం మీద డేవిడ్ ఎరిట్‌జో, గిట్టె క్నూడ్‌సన్ తదితరులు కోపెన్‌హేగన్‌లోనే పనిచేశారు. శరీర బరువు సూచీ పెరిగిన కొద్దీ ఆరోగ్యవంతుల్లో ట్రాన్స్‌పోర్టర్ తక్కువగా, 2ఏ రిసెప్టర్ ఎక్కువగా కనిపించాయి. ఏది కారణమో ఏది ఫలితమో ఒక్కసారి తీసిన స్కాన్ చెప్పలేదు. ఒక రాత్రంతా మేల్కొన్నా 2ఏ రిసెప్టర్ కొలత పెరుగుతుందని జర్మనీలో మరో బృందం చూపించింది.

అన్నిటికన్నా ఎక్కువ ఆశలు పెట్టించి, ఎక్కువ నిరాశపరిచింది జన్యువుల కథ. ట్రాన్స్‌పోర్టర్ జన్యువు ముందు భాగంలో పొట్టి, పొడుగు అని రెండు రూపాలున్నాయి. పొట్టి రూపం ఉన్నవారిలో ఆందోళన స్వభావం కొంచెం ఎక్కువని క్లాస్-పీటర్ లెష్ తదితరులు 1996లో ‘సైన్స్’లో రాశారు. ఆ ‘కొంచెం’ నిజంగానే కొంచెం, మనుషుల మధ్య తేడాలో మూడు నాలుగు శాతం మాత్రమే. 2003లో అవ్‌షలోమ్ కాస్పి బృందం న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన 847 మంది వివరాలతో ఇంకా పెద్ద మాట చెప్పింది. జీవితంలో దెబ్బ మీద దెబ్బ తగిలినప్పుడు పొట్టి రూపం ఉన్నవారే ఎక్కువగా కుంగిపోతారని. వారసత్వమూ పరిస్థితులూ ఎలా కలుస్తాయో చెప్పే ఇంత అందమైన వివరణ మనోవైద్యంలో అంతకుముందు లేదు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2009లో పద్నాలుగు అధ్యయనాలను కలిపి చూస్తే ఆ సంబంధం కనిపించలేదు. 2018లో 38,802 మంది సమాచారంతో చేసిన విశ్లేషణలోనూ గట్టిగా తేలలేదు. కష్టాలు మనిషిని కుంగదీస్తాయన్నది మాత్రం ప్రతి విశ్లేషణలోనూ నిలిచింది. డబ్బు కట్టి జన్యు పరీక్ష చేయించుకుని, తనలో పొట్టి రూపం ఉందని తెలిసి భయపడుతున్నవారు ఎవరైనా ఉంటే, ఆ భయానికి ఆధారం లేదని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

వ్యక్తిత్వం మీద వచ్చిన ఫలితాలకూ ఇదే గతి పట్టింది. స్టాక్‌హోమ్‌లో 15 మంది మగవారి మీద 2003లో చేసిన అధ్యయనం, ఆధ్యాత్మిక విశ్వాసం ఎక్కువున్నవారిలో 1ఏ రిసెప్టర్లు తక్కువని చెప్పి ప్రపంచమంతా వార్త అయింది. ఫిన్లాండ్ పరిశోధకులు 2011లో అదే ప్రశ్న అడిగితే ఏ సంబంధమూ దొరకలేదు. మొదటిదానికి దక్కిన ప్రచారం రెండోదానికి దక్కలేదు.

మరి సెరటోనిన్‌ను కావాలని తగ్గిస్తే ఆరోగ్యవంతుడికి ఏమవుతుంది? దీనికి ఒక సూటి ప్రయోగం ఉంది. రాత్రంతా ఉపవాసం ఉన్న మనిషి చేత పొద్దున్నే వంద గ్రాముల దాకా అమైనో ఆమ్లాల పొడి కలిపిన నీళ్లు తాగిస్తారు. అందులో ట్రిప్టోఫాన్ ఒక్కటే ఉండదు. గొంతు దిగని రుచి. దాన్ని కప్పిపుచ్చడానికి ఏదో ఒక సువాసన కలుపుతారు, అయినా కొందరికి కడుపులో తిప్పుతుంది. ఐదారు గంటల్లో రక్తంలోని ట్రిప్టోఫాన్ సాధారణంగా పావువంతుకు పడిపోతుంది. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన హెన్రికస్ రూహే బృందం 2007లో చేసిన విశ్లేషణ ప్రకారం ఆరోగ్యవంతులకు దిగులు రాలేదు. కుటుంబంలో డిప్రెషన్ చరిత్ర ఉన్నవారిలో కాస్త మార్పు కనిపించింది. ఒకప్పుడు డిప్రెషన్‌తో బాధపడి, సెరటోనిన్ మీద పనిచేసే మందులతో కోలుకున్నవారిలో మాత్రం లక్షణాలు కొంతసేపు తిరిగి వచ్చాయి. ఒకే ద్రావణం ముగ్గురికి మూడు రకాలుగా పనిచేసింది.

మనసు బరువెక్కకపోయినా ప్రవర్తన మారవచ్చు. కేంబ్రిడ్జ్‌లో మాలీ క్రాకెట్ బృందం 2008లో ఇలాగే ట్రిప్టోఫాన్ తగ్గించిన ఆరోగ్యవంతుల చేత డబ్బు పంచుకునే ఆట ఆడించింది. ఎదుటివాడు తనకు ఎక్కువ ఉంచుకుని ఇవతలివాడికి చిల్లర విదిల్చినప్పుడు, ఒప్పుకుంటే ఆ చిల్లరైనా దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. ట్రిప్టోఫాన్ తగ్గినవాళ్లు అన్యాయమైన వాటాను ఎక్కువసార్లు తిప్పికొట్టారు. వాళ్ల మూడ్‌లో మాత్రం తేడా లేదు. సెరటోనిన్ పని సంతోషం ఉత్పత్తి చేయడం కంటే, దెబ్బ తగిలినప్పుడు మనిషి ఎంత త్వరగా తిరగబడాలో, ఎంత ఓర్చుకోవాలో సరిచూడడానికి దగ్గరగా ఉంటుందన్న వాదానికి ఇలాంటి ప్రయోగాలు బలం ఇచ్చాయి.

ఈ నేపథ్యం తెలిస్తే 2022 నాటి గొడవ అర్థమవుతుంది. ఆ ఏడాది జూలైలో లండన్‌కు చెందిన జొఆనా మాన్‌క్రీఫ్ బృందం, డిప్రెషన్ తక్కువ సెరటోనిన్ వల్ల వస్తుందనడానికి స్థిరమైన ఆధారం లేదని ఒక సమీక్ష ప్రచురించింది. మందులన్నీ మోసమని కొందరు అంతర్జాలంలో చాటింపు వేశారు. ఆ సమీక్ష పద్ధతి మీద తోటి శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరాలు చెప్పారు. అదే ఏడాది చివర ఎరిట్‌జో లండన్‌లో, యాంఫిటమిన్ ఇచ్చి సెరటోనిన్‌ను విడుదల చేయించి చూసే కొత్త పెట్ పద్ధతితో, ఆరోగ్యవంతులైన 20 మందిలో కనిపించినంత విడుదల డిప్రెషన్ ఉన్న 17 మందిలో కనిపించలేదని చూపించాడు. ఇక్కడా తేలింది నిల్వ గురించి కాదు, అవసరం వచ్చినప్పుడు వదలగలిగే శక్తి గురించి. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. 522 ట్రయల్స్‌ను కలిపి 2018లో ఆండ్రియా చిప్రియాని బృందం చూసినప్పుడు, పరిశీలించిన 21 మందులూ పెద్దవారి డిప్రెషన్‌లో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. వార్త చదివి మందు ఒక్కసారిగా ఆపేసేవారు తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమితో బాధపడతారు. ఆపాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఆన్‌లైన్‌లో దొరికే ట్రిప్టోఫాన్, అది సెరటోనిన్‌గా మారే దారిలో వచ్చే 5-హెచ్‌టీపీ క్యాప్సూల్స్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ మాత్రలు వాడిన 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో కూడిన రక్తవ్యాధి బారినపడ్డారు, పదుల మంది చనిపోయారు. ఒకే తయారీదారు సరుకుతోనే అత్యధిక కేసులు ముడిపడ్డాయి. అంతటి ప్రమాదం మళ్లీ రాకపోయినా, డిప్రెషన్ మందులు, నొప్పికి ట్రమడాల్, దగ్గు మందుల్లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్, యాంటీబయాటిక్ లినెజోలిడ్ వంటివి వాడుతున్నవారు ఈ క్యాప్సూల్స్‌ను చేర్చితే సెరటోనిన్ హద్దు మీరి జ్వరం, వణుకు, గుండెదడ, మతి తప్పడం దాకా పోవచ్చు. మందుల షాపులో అడిగేటప్పుడు వాడుతున్న మందులన్నిటి పేర్లూ చెప్పాలి.

ఇంత సమాచారంలో ఒక వెలితి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ స్కాన్లలో ఎక్కువ భాగం కోపెన్‌హేగన్, స్టాక్‌హోమ్, వియన్నా, టొరంటో, మాంట్రియల్ నుంచి వచ్చినవే. స్కాన్ అయినవారు ఒక్కో అధ్యయనంలో పదుల సంఖ్యలోనే, ఎక్కువ మంది యూరప్ సంతతివారు. పగటి పొడవు పెద్దగా మారకపోయినా రుతుపవనాల మబ్బులు నెలల తరబడి కమ్ముకునే చోట, రోహిణి కార్తె ఎండకు జనం తలుపులు మూసుకుని లోపలే ఉండే చోట, వెలుగుకూ సెరటోనిన్‌కూ సంబంధం ఇలాగే ఉంటుందా? రాత్రి షిఫ్టులో పదేళ్లు గడిపిన ఆరోగ్యవంతుల మెదడు కోపెన్‌హేగన్‌లోని నిబ్బరమైన గుంపులా సర్దుకుంటుందా, దిగులు గుంపులా జారిపోతుందా? హైదరాబాద్‌లో సైక్లోట్రాన్లు ఉన్నాయి, పెట్ యంత్రాలు ఉన్నాయి, క్యాన్సర్ కోసం రోజూ పనిచేస్తున్నాయి. తిండికీ సెరటోనిన్‌కూ ఉన్న లంకెను అర్ధశతాబ్దం కిందటే వెతికిన సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఒకే మనిషిని మే నెలలో ఒకసారి, ఆగస్టు ముసురులో ఒకసారి కొలిచే అధ్యయనం ఇక్కడ మొదలుపెట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి.